పొద్దు పెట్టే పని వేళలు

కట్టడం పనికి వేళ పెట్టేది ఎండ, వెలుతురు, వాన. దేశమంతటికీ గడియారం మాత్రం ఒక్కటే. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆంధ్రలో కాకినాడ సమీపంగా పోతుంది. కర్నూలు జిల్లా హాలహర్వి దానికి బాగా పడమరన, సుమారు 77 డిగ్రీల దగ్గర ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో ఉన్న అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి శ్రీవిజయపురం, సుమారు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున రెండు ఊళ్ల పొద్దుకూ గంటకు పైనే తేడా.

డిసెంబరు చివర హాలహర్విలో పొద్దు పొడిచేసరికి సుమారు 6.45 అవుతుంది, గుంకేసరికి ఆరు. అండమాన్ దీవిలో సుమారు అయిదున్నరకే పొడిచి అయిదు దాటగానే గుంకుతుంది. అక్కడ తొమ్మిదింటికి పని మొదలుపెడితే దాదాపు మూడున్నర గంటల వెలుతురు వృథా.

భవన నిర్మాణ కార్మికులకు 1998 కేంద్ర నిబంధనలు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్నాయి. అయిదు గంటలకొకసారి కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నాయి. ఒంటిని కాపాడే ఈ హద్దును ఎక్కడా దాటకూడదు. ఆ గంటలు పగటిపూట ఎప్పుడు పడాలన్నది మాత్రం ఊరిని బట్టే తేల్చాలి.

హాలహర్వి వేసవిలో సూర్యుడు నడినెత్తికొచ్చేది 12.20 ప్రాంతంలో. నలభై డిగ్రీల ఎండలో పోసిన స్లాబు తడి ఆరిపోయి బీటలు వారుతుంది. అందుకే బేల్దారి తెల్లారగానే పని ఎత్తుకుని ఎండ ముదరకముందే ముగించడం మేలు. ఆ తర్వాత స్లాబును కనీసం వారం తడపాలి. నీటికి కరువైన నేల మీద అదే అసలు కష్టం.

దీవికి కష్టం వానతో. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు, మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ కురుస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకానే తెరిపి. ఉప్పుగాలికి ఇనుపచువ్వలు తుప్పు పడతాయి. ఆ దీవుల తీరాల్లో ఇసుక తవ్వకాన్ని దశలవారీగా తగ్గించాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చెన్నై దాదాపు 1,370 కిలోమీటర్ల దూరం. సిమెంటు, ఇనుము ఓడలోనే రావాలి. 1896 నుంచి 1906 దాకా ఖైదీల చేత అక్కడ కట్టించిన సెల్యులార్ జైలుకూ ఇటుకలు బర్మా నుంచి తెప్పించారు.

ఓడ ఆలస్యమైతే మేస్త్రీ, కూలీలు ఖాళీగా కూర్చోవాలి. ఆ రోజుల కూలి ఎవరు ఇవ్వాలో ఒప్పందంలో ముందే రాసుకోవాలి. సముద్రం చేసిన ఆలస్యం కూలీ నెత్తిన పడకూడదు.