వేదిక ముందరి నేల: రాక్ కచేరీ నుండి భిలాయి పాండవాని వరకు

ఒక ప్రదర్శనను సమీక్షించే విమర్శకుడు గాయకుని గాత్రాన్ని, వాద్యకారుని నైపుణ్యాన్ని, కథావస్తువును పరిశీలిస్తాడు. ప్రేక్షకుడు ఎక్కడ కూర్చున్నాడన్న ప్రశ్నను మాత్రం టికెట్లు అమ్మేవారికో, ఆహ్వాన సంఘానికో వదిలివేస్తాడు. భరతముని అలా వదిలివేయలేదు. నాట్యశాస్త్రం రెండవ అధ్యాయంలో ఆయన నాట్యమండపాల కొలతలను వివరిస్తూ, 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మధ్యమ మండపమే మానవులకు తగినదని నిర్ణయించాడు. అంతకు మించితే పలికిన మాట స్పష్టత కోల్పోతుందని, ముఖంలోని భావం కంటికి అందదని కారణం కూడ చెప్పాడు. హస్తమంటే సుమారు ఒకటిన్నర అడుగు. మండపంలో సగం రంగస్థలానికి, నేపథ్యానికి పోగా ప్రేక్షకులకు మిగిలేది 48 అడుగుల చదరం. అంటే అందరికంటె వెనుక కూర్చున్నవాడు కూడ రంగస్థలానికి యాభై అడుగుల లోపలనే ఉంటాడు. రసనిష్పత్తికి సామీప్యం అవసరమన్న ఈ సూత్రం రెండువేల ఏండ్ల నాటిదైనా నేటి ఉత్సవాలకు దీనితో పని తీరలేదు.

ఈ సూత్రాన్ని పరీక్షకు పెట్టినది పాశ్చాత్యుల రాక్ సంగీతోత్సవం. అక్కడి వేసవి మన శ్రావణ భాద్రపదాల కాలం. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ గ్రామంలో, ఒక పాడి రైతు పొలంలో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవానికి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. వారిలో వేదికపైని మనిషి ముఖం చూడగలిగినవారు కొన్ని వేల మందికి మించి ఉండరు. అప్పటి నుండి ఇటువంటి ఉత్సవాలలో ముందు వరుస ఒక పుణ్యక్షేత్రమైంది. గంటల తరబడి ఎండలో నిలబడి, నీళ్లకు కూడ కదలకుండా, ఆ అడ్డుకట్టను పట్టుకొని వేచి ఉండే యువకులు ప్రతి దేశంలోనూ కనిపిస్తారు. మన దేశంలో 1986లో బొంబాయిలో ప్రారంభమైన ఇండిపెండెన్స్ రాక్ ఉత్సవం ఆ అలవాటును ఇక్కడి విద్యార్థులకూ పరిచయం చేసింది.

ఇందులో ఒక విచిత్రమున్నది. శబ్దశాస్త్రం దృష్ట్యా ఆ ముందు వరుస వినికిడికి ఉత్తమమైన స్థానం కాదు. గాత్రాన్ని మోసే పెద్ద స్పీకర్లు వేదికకు ఇరువైపులా ఎత్తున వ్రేలాడుతూ దూరంలోని జనాన్ని ఉద్దేశించి ఉంటాయి. వేదిక అంచున నిలిచినవానికి పాటలోని మాట కంటె డ్రమ్ముల మోత, గిటారు వెనుక ఆంప్లిఫయర్ల ఘోష అధికంగా చేరుతాయి. అన్ని ధ్వనుల పాళ్లూ సమంగా కుదిరేది మైదానం మధ్యలో, ధ్వని నియంత్రణ యంత్రం ఉన్నచోట. అక్కడ నిలబడితే పాట బాగా వినవచ్చునని తెలిసినవారు కూడ ముందుకే పోతారు. అంటే వారు కోరుకున్నది ధ్వని మాత్రమే కాదు. గిటారు తీగపై వ్రేలు జారటం, గాయకుడు శ్వాస తీసుకోవటం, నుదుటి చెమట, చూపు చూపును కలిసిన ఒక్క క్షణం, వీటి కోసం వారు చెవిని సైతం పణంగా పెడతారు. చెవిని పణంగా పెట్టటమన్నది అలంకారం కాదు. ఉత్సవ స్థలాలలో పదిహేను నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెళ్లను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం నిర్దేశించవలసి వచ్చింది.

ఈ సామీప్యానికి చెల్లించిన మూల్యం ఒక్కొక్కప్పుడు ప్రాణమే. 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో వేదిక మరీ తక్కువ ఎత్తున ఉండగా, జనాన్ని అదుపు చేసే పనిని మోటారు సైకిళ్ల ముఠాకు అప్పగించగా, వేదిక ఎదుటనే ఒక యువకుడు కత్తిపోటుకు బలి అయినాడు. 2000 జూన్ 30న డెన్మార్కులోని రాస్కిల్డె ఉత్సవంలో జనసమ్మర్దానికి నలిగి తొమ్మిదిమంది మరణించారు. మన గుర్గావ్‌లో 2011 అక్టోబరు 28న జరుగవలసిన మెటాలికా బృందం కచేరి వేదిక ముందరి అడ్డుకట్ట నిలువక రద్దయింది. రెండు రోజుల తరువాత అదే బృందం బెంగళూరులో నిర్విఘ్నంగా పాడింది. ఈ అనుభవాల నుండి నిర్వాహకులు నేర్చినది సామీప్యాన్ని రద్దు చేయటం కాదు. ముందరి నేలను చిన్న చిన్న మడులుగా విభజించి, ఒక్కొక్క మడిలోకి వచ్చేవారి సంఖ్యను పరిమితం చేసి, పోవటానికి దారులు విడిచి, సామీప్యాన్ని సురక్షితం చేయటం. ఈ పాఠం మన సాంస్కృతిక శాఖలకు ఎంతగా పనికి వస్తుందో భిలాయి వంటి ఊరిలో స్పష్టంగా కనిపిస్తుంది.

భిలాయి ప్రణాళికల ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో దుర్గ్ పక్కని పల్లె నేలపై ఉక్కు కర్మాగారం రూపొందింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సెక్టార్లుగా విభజించిన పట్టణంలో సోవియట్ సంప్రదాయాన్ని తలపించే నెహ్రూ సాంస్కృతిక సదనం, సివిక్ సెంటర్‌లో కళామందిరం వెలిశాయి. దేశం నలుమూలల నుండి కార్మికులు వచ్చారు. వారిలో తెలుగు కుటుంబాలు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నాయి. విజయనగరం నుండి రాయపూర్‌కు పోయే రైలుమార్గం ఈ రాకపోకలకు సహజమైన వంతెన. అయితే ఆ నేలకు తనదైన ఒక గానం అంతకు ముందే ఉన్నది. పాండవుల కథను పాడే ఆ కళారూపం పేరు పాండవాని.

పాండవానిలో రెండు శైలులు. వేదమతి శైలిలో గాయకుడు కూర్చుండి, గ్రంథాన్ని అనుసరిస్తూ, ముఖ్యంగా సబల్ సింహ్ చౌహాన్ రచించిన మహాభారతాన్ని ఆధారం చేసుకొని గానం చేస్తాడు. కాపాలిక శైలిలో గాయకుడు లేచి నిలిచి, కథను తన తలలో నుండి తీసి, నడుస్తూ, గర్జిస్తూ, అభినయిస్తూ చెబుతాడు. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్ వేదమతిలో పేరెన్నికగన్నవారు. భిలాయికి సమీపంలోని గనియారి గ్రామంలో 1956లో జన్మించిన తీజన్ బాయి, స్త్రీలు కూర్చుండి మాత్రమే పాడవలెనన్న ఆచారాన్ని త్రోసిరాజని కాపాలిక శైలిని స్వీకరించింది. మాతామహుడు పాడగా విని కథ నేర్చిన ఆమె పదమూడవ ఏట తొలి ప్రదర్శన ఇచ్చింది. రాయపూర్‌లో జన్మించిన నాటకకర్త హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించాడు. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగిని అయింది. 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. ఆమె వద్ద శిక్షణ పొందిన భిలాయి గాయని ఉషా బార్లే 2023లో పద్మశ్రీ అందుకొన్నది. పరంపర తెగలేదనటానికి ఇది నిదర్శనం.

తీజన్ బాయి చేతిలోని తంబుర ఒక్కటే ఆమె రంగసామగ్రి. అది క్షణంలో భీముని గద, మరుక్షణంలో అర్జునుని విల్లు. దుశ్శాసనవధ ఘట్టంలో అదే తంబుర భీముని కోపానికి ఆయుధమవుతుంది. ఈ మార్పు తంబురలో లేదు, గాయని భుజంలో, కనుబొమలో, పట్టు బిగించిన వ్రేళ్లలో ఉన్నది. అది చూడగలిగినవానికే తంబుర గద అవుతుంది. వంద గజాల దూరంలో ఉన్నవానికి అది కర్రగానే మిగిలిపోతుంది. పెద్ద తెరపై ముఖాన్ని చూపించవచ్చును గాని, కెమెరా ముఖాన్ని చూపేటప్పుడు చేతిని వదులుతుంది, చేతిని చూపేటప్పుడు ముఖాన్ని వదులుతుంది. కాపాలిక శైలి ఈ రెండింటి సంధిలోనే జీవిస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది రాగి అనే సహగాయకుని పాత్ర. గాయని ఒక వాక్యం పలుకగానే రాగి ఊఁ కొడతాడు, ఆశ్చర్యపడతాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. అతడు వేదికపై కూర్చున్న ప్రేక్షకుడు, ప్రేక్షకులకు ప్రతినిధి. తెలుగువారికి ఇది కొత్త కాదు. మన బుర్రకథలో కథకునికి ఇరుపక్కల నిలిచే వంతలు చేసే పని ఇదే. ఒకరు హాస్యం చెబితే మరొకరు వర్తమాన రాజకీయాన్ని ప్రస్తావిస్తారు. షేక్ నాజర్ బుర్రకథను ఊరి జనం చుట్టూ మూగి వినటంలో వంతల మాటకూ జనం కేకకూ మధ్య సందు ఉండేది కాదు. ఊఁ కొట్టేవాడు లేని కథ ముందుకు సాగదని మన పల్లెలలో ప్రతి అమ్మమ్మకూ తెలుసు. భిలాయిలోని తెలుగు కార్మికునికి ఛత్తీస్‌గఢీ మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా పాండవాని పరాయిదిగా తోచకపోవటానికి భారతకథ ఒక కారణమైతే, ఈ ఊఁ కొట్టే అలవాటు రెండవ కారణం.

ఇక్కడ లెక్క ఒకటి వేయవలసి ఉన్నది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 70 మీటర్ల దూరంలో ఉన్నవానికి గాయని మాట చేరటానికి సెకనులో ఐదవ వంతు పడుతుంది. అతని నవ్వో, శభాషో తిరిగి వేదికను చేరటానికి మరొక ఐదవ వంతు. రాగి అప్పటికే తరువాతి మాటకు ఊఁ కొట్టి ఉంటాడు. దూరాన ఉన్న జనం కథకు ఎల్లప్పుడూ ఆలస్యంగానే స్పందిస్తారు. ఆ ఆలస్యాన్ని ఏ యంత్రమూ పూడ్చలేదు. గాయని జనాన్ని వినటం మాని, క్రమంగా తనకు తాను పాడుకోవటం మొదలుపెడుతుంది.

ఇంతకూ ఆ దగ్గరి నేలపై ఉన్నదెవరు? ప్రభుత్వం గాని, ప్రభుత్వరంగ సంస్థ గాని నిర్వహించే ఉత్సవాలలో వేదికకు ఎదురుగా పూలమాలల వరుస, దాని వెనుక ఖాళీ నేల, దాని వెనుక తెల్లని తొడుగులు వేసిన సోఫాలు, వాటి ముందు నీళ్ల సీసాలు పెట్టిన బల్లలు ఉంటాయి. సోఫాల వెనుక కుర్చీలు. కుర్చీల వెనుక వెదురు కంచె. కథ తెలిసినవారు, సమయానికి ఊఁ కొట్టగలవారు ఆ కంచెకు అవతల ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, సన్మానం ముగియగానే సోఫాలలో సగం ఖాళీ అవుతాయి. ద్రౌపది మొర ఖాళీ సోఫాలను దాటుకొని కంచె అవతలికి చేరవలసి వస్తుంది. రాక్ కచేరీలో ముందు వరుసను ఎండలో నిలబడి సంపాదించుకోవాలి, లేదా ఎక్కువ వెల పెట్టి కొనుక్కోవాలి. ఇక్కడ అది హోదాతో వస్తుంది, అనుభవించకుండానే వదిలివేయబడుతుంది. ఆ రెండింటిలో మొదటిదే కళను ఎక్కువగా గౌరవిస్తున్నదని ఒప్పుకొనక తప్పదు.

దీనికి సమాధానంగా ఒక మాట చెప్పవచ్చును. మైకు, పెద్ద వేదిక, ప్రభుత్వ పోషణ లేకపోతే పాండవాని దుర్గ్ జిల్లా పల్లెలు దాటి ప్రపంచమంతా చుట్టి వచ్చేదా? వచ్చేది కాదు. వేలమంది వినదలచినప్పుడు అందరూ యాభై అడుగుల లోపల కూర్చోవటం సాధ్యమూ కాదు. ముఖ్య అతిథులకు గౌరవస్థానం ఇవ్వటం మన మర్యాద కూడ. ఇవన్నీ న్యాయమైన మాటలే. అయితే వీటిలో ఏదీ ఖాళీ సోఫాను సమర్థించదు. గౌరవస్థానం వేదికకు ఎడమనో కుడినో ఉండవచ్చును. ఎదుటి నేల కథకు చెందినది.

కాలం విషయం కూడ ఇటువంటిదే. కోతలు ముగిసిన వేసవిలో, పగటి వేడి చల్లారిన తరువాత రాత్రంతా సాగగల కథ ఇది. ధ్వని కాలుష్య నియమాలు 2000లో వచ్చిన తరువాత రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్లు ఆగిపోవాలి. సాంస్కృతిక సందర్భాలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నది. నియమం మంచిదే, పొరుగువాని నిద్ర కూడ హక్కే. కాని రెండు మూడు వందల మంది దగ్గరగా కూర్చొని వినే కథకు పెద్ద స్పీకర్లతో పని లేదు. సామీప్యాన్ని తిరిగి ఇస్తే కథకు కొంత రాత్రిని కూడ తిరిగి ఇవ్వవచ్చును.

చేయవలసినది పెద్ద ఖర్చు కాదు. వేదిక ఎత్తు తగ్గించటం, ఎదుట జంపఖానాలు పరచి కూర్చునేవారికి వదలటం, ఆ నేలను మడులుగా విడదీసి దారులు ఉంచటం, గాయనికి ఎంత మంచి మైకు ఇస్తారో రాగికి కూడ అంత మంచి మైకు ఇవ్వటం, జనం వేలల్లో వచ్చేచోట ఒక పెద్ద వేదికకు బదులు మూడు చిన్న వేదికలు కట్టటం. పద్మ పురస్కారాలతో ఒక కళను గౌరవించిన ప్రభుత్వం ఆ కళకు శ్రోతను దూరం చేస్తే, సన్మానపత్రం మిగులుతుంది, కథ మిగలదు. రాబోయే ఉత్సవానికి స్థలపటం గీచే అధికారి తన కలంతో మొదటి గీతను ఎక్కడ గీస్తాడన్నదానిపై తంబుర గద అవుతుందా, కర్రగానే మిగులుతుందా అన్నది ఆధారపడి ఉన్నది.