పెంకు తిరగేయించే కాలం

ధవళేశ్వరంలో వేసవి అంటే కాలువలు కట్టేసే కాలం. దాళ్వా కోతలు అవుతూనే హెడ్ స్లూయిస్‌ల దగ్గర గేట్లు దించేస్తారు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా కాలువల్లో నీళ్ళు తగ్గి అడుగు బయటపడుతుంది. అప్పుడు మనుషులు కాలువలోకి దిగుతారు. పూడిక తీస్తారు, గట్లు బలం చేస్తారు, లాకుల తలుపులు చూస్తారు, షట్టర్లకు గ్రీజు పెడతారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు ఆ పనంతా తెమలాలి. పని సరిగ్గా జరగలేదని రైతులు ఏటా గొడవ పడతారు, పడాలి కూడా. ఈ పని ఏటేటా ఎందుకని మాత్రం ఈ డెల్టాలో ఎవరూ అడగరు.

ఊళ్ళో ఇళ్ళకూ ఒకప్పుడు ఇదే లెక్క ఉండేది. రోహిణి కార్తె ఎండల్లో, మృగశిర చినుకు పడకముందే, పెంకు తిరగేయించేవారు. ఇద్దరు మనుషులు పైకెక్కి చూరు నుంచి కొప్పు దాకా వరసలు వరసలుగా పెంకులు తీసి కిందికి అందించేవారు. ఎలకలు పోగేసిన చెత్త, పిచ్చుక గూళ్ళ పీచు, రాలిన వేపాకు దులిపేవారు. పగిలిన పెంకు పక్కన పడేసి, చెద తిన్న బద్ద మార్చి, వాసాన్ని సుత్తితో తట్టి చూసేవారు. కణ్‌మని మోగితే మంచి కర్ర. బొదబొదమంటే లోపల తినేసినట్టు. మండువా ఇళ్ళల్లో నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి కలిసే మూలల్లో రేకు దోనెలుంటాయి. వాటిలో ఆకు పేరుకుంటే నీళ్ళు ఎగదన్ని నడవలోకి దిగుతాయి. అందుకని ఆ దోనెలు తుడిచాకే కూలి డబ్బులు ఇచ్చేవారు.

ఆ అలవాటు పోవడంతోనే ఇళ్ళు పోవడం మొదలైందని నా గట్టి నమ్మకం. పాత లోగిలి కూలగానే అందరం బిల్డర్‌ని తిడతాం. నిజానికి బిల్డర్ ఆఖరున వస్తాడు. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఆ కప్పు మీదికి ఒక్క మనిషీ ఎక్కి ఉండడు. ఒక పెంకు జారుతుంది. ఆ సందులోంచి దిగిన వాన వాసం పొడవునా జారి, అది గోడలో కూర్చున్న చోట నిలుస్తుంది. వాసం కొస కుళ్ళుతుంది. గోడ తల మెత్తబడుతుంది. వాసం కుంగితే దాని మీది పెంకులు వరస తప్పుతాయి. ఇక ఎక్కడ పడితే అక్కడ కారుతుంది. అప్పటికి ఇంట్లో మిగిలేది పెద్దావిడ ఒక్కతే. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. ఫోన్లో మాట్లాడుకుని, ‘ఇంక డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం’ అనుకుంటారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కారే ఇంట్లో తల్లిని ఉంచమని ఎవరు చెప్పగలరు?

నేను కొన్నేళ్ళుగా ఇలాంటి ఇళ్ళకు టేపూ, పుస్తకమూ పట్టుకు వెళ్తున్నాను. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే కొలతలు తీసి, కాగితం మీద నక్షా గీసి, ఒక కాపీ వాళ్ళకే ఇస్తాను. వీధి అరుగు, సావిడి, మండువా, పడమటింటి గది, వంటిల్లు, దొడ్డి, నుయ్యి. కొలతలు తీస్తుంటే ఇంటి జబ్బు కూడా తెలుస్తుంది. ఈ మధ్య చూసిన ఒక ఇంట్లో వీధి వైపు అరుగు రోడ్డు కంటే కిందికి ఉంది. అరుగంటే ఎక్కి కూర్చునేది. ఇక్కడ మెట్టు దిగి వెళ్ళాలి. ఇల్లేమీ కుంగలేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్త పొర పోశారు. దాంతో రోడ్డు లేచింది. వానొస్తే వీధి నీళ్ళన్నీ అరుగు మీదుగా సావిడిలోకి వస్తాయి. గోదావరి వరదలు తట్టుకున్న ఇంటికి వీధి కాంక్రీటు ముప్పు తెచ్చింది. రోడ్డు వేసేముందు పాత పొర తీయించడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. వీధిలో నలుగురు నిలబడి అడిగితే చాలు. పాత వీధుల్ని కాపాడదలుచుకున్న ఊరు మొట్టమొదట చెయ్యాల్సిన పని ఇదేనంటాను.

అదే ఇంటి ఉత్తరం గోడ దగ్గర నాతో వచ్చిన తాపీ మేస్త్రీ ఆగిపోయారు. అది సున్నంతో కట్టిన ఇటుక గోడ. చెమ్మ కనిపిస్తోందని ఎవరో మనిషి ఎత్తున సిమెంటు పూత పూయించారు. మేస్త్రీ తాపీ మొనతో కొంచెం కదిపారు. పూత పలకలా ఊడొచ్చింది. దాని వెనకాల ఇటుక ముఖం కూడా పిండై రాలింది. తెల్లగా ఉప్పు.

“సున్నం గోడకి సిమెంటు చొక్కా తొడిగితే ఊపిరాడదండీ బాబూ,” అన్నారాయన. “చెమ్మ ఎటు పోద్దండి మరి? లోపలే ఉండి ఇటుకని తినేద్ది.”

“మరేం చెయ్యమంటారు మేస్త్రీ గారూ?”

“సిమెంటంతా కొట్టేసి, ఒక ఎండాకాలం గోడని అలా వదిలేయండి. ఆరాక డంగు సున్నం పూద్దాం.”

నది ఒడ్డు ఊళ్ళో చెమ్మ నేలలోంచి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత దాన్ని బయటికి పోనిస్తుంది, ఎండకి ఆరనిస్తుంది. కొన్నేళ్ళకి పూత పాడైతే పూతే మార్చుకుంటాం, గోడ క్షేమంగా ఉంటుంది. సిమెంటు గట్టిది, నీటిని బయటికి పోనివ్వదు. అందుకే అది నిలుస్తుంది, దాని వెనక గోడ పోతుంది. డంగు సున్నమంటే కాల్చిన సున్నాన్ని నీళ్ళలో విరగబెట్టి, నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం. కరక్కాయలు నానేసిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ కలుపుతారు. తొందరపడితే కుదరని పని. మేస్త్రీ గారు కుర్రతనంలో నేర్చుకున్నారు. “ఇప్పుడెవరు చేయిస్తన్నారండీ? మా తమ్ముడి కొడుకు టైల్స్ పనికి పోతన్నాడు. రోజూ పని దొరుకుద్ది,” అన్నారు. ఆయన తరవాత ఆ చేతిపని ఎవరికి వస్తుందన్న బెంగ నాకు ఇళ్ళ గురించిన బెంగ కంటే పెద్దది. పని తెలిసిన మనిషి ఉంటే పడిన గోడ మళ్ళీ లేస్తుంది. మనిషే లేకపోతే ఎన్ని కోట్లు మంజూరైనా ఆ డబ్బుతో కూడా సిమెంటే పూస్తారు.

పాతదాన్ని నిలుపుకోవాలన్న మాట ధవళేశ్వరంలో చెప్పడానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఇక్కడ గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. ఊరి కొండనే రాతి క్వారీ చేసి, పట్టాలు వేసి బండ్ల మీద రాయి దించారు. దేశంలో ప్రయాణికుల రైలు ఇంకా నడవని రోజులవి. కాటన్ కింద పనిచేసిన వీణం వీరన్న పేరు ఈ ప్రాంతం ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటుంది. ఇక్కడి నది అడుగంతా ఇసుక, గట్టి రాయి తగలదు. అలాంటి చోట అంత బరువు ఎలా నిలబెట్టాలి? ఆ విద్య కాటన్‌కి ఇంగ్లండులో రాలేదు. అంతకుముందు ఆయన కావేరి మీద పనిచేశాడు. అక్కడ చోళుల కాలపు కల్లణై ఉంది. వదులు ఇసుకలో పునాది నిలపడం దాన్ని కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. అంటే కావేరి ఒడ్డున ఎవరెవరో పేరు తెలియని మనుషులు తరాల తరబడి ఆ పాత కట్టడానికి రాళ్ళు సర్దుతూ రాబట్టి, గోదావరి డెల్టాలో పది లక్షల ఎకరాలకు నీళ్ళొచ్చాయి. కల్లణై ఏనాడో కొట్టుకుపోయి ఉంటే కాటన్ దేన్ని చూసి నేర్చుకునేవాడు? పాత కట్టడాన్ని ఉంచుకోవడం వల్ల ఏం లాభమని అడిగేవాళ్ళకు మా ఊరి నుంచి ఇంతకంటే పెద్ద జవాబు నేను చెప్పలేను.

ఇక్కడే ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. కాటన్ ఆనకట్టని మనం అలాగే ఉంచుకోలేదు. వయసు మీదపడి అది ప్రమాదంలో పడింది. 1970లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టి 1982కి పూర్తిచేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు ఆ బ్యారేజీ నిలబడింది. అప్పుడు పాత ఆనకట్టే ఉండి ఉంటే ఏమయ్యేదోనని తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. కాబట్టి పాతదంతా ఉండాల్సిందేనని నేను అనను. లక్షల మంది బతుకు ఆనుకుని ఉన్న కట్టడం బలహీనపడితే మార్చాల్సిందే. ఒక పెంకు జరిపి, ఒక వాసం మార్చి, పది బస్తాల సున్నం పూస్తే ఇంకో తరం నిలిచే ఇంటికి ఆ వాదన తెచ్చి అతికించకూడదన్నదే నా పట్టు.

ఊరు పట్టుబడితే ఏమవుతుందో రాజమండ్రి వెళ్ళి చూడొచ్చు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. పాత ఇనుము లెక్కన అమ్మేద్దామన్న ఆలోచన కూడా నడిచింది. ఊరు ఒప్పుకోలేదు, ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగి, దాన్లో ఆ వంతెనకూ చోటు దొరికింది. హైదరాబాదులో పాత ఎర్రమంజిల్ భవనం పడగొట్టి కొత్త శాసనసభ కడదామనుకుంటే, 2019 సెప్టెంబరులో హైకోర్టు కుదరదంది. ఇవి పెద్ద కట్టడాలు. పేపర్లలో వార్తలవుతాయి, వాటి కోసం వకీళ్ళు వాదిస్తారు. ధవళేశ్వరం వీధిలో ఒక మండువా ఇంటి కోసం కోర్టుకెక్కేది ఎవరు? పేరున్నంత మాత్రాన కట్టడం నిలవదు కూడా. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ నాటి టౌన్‌హాలు, మేరీ భవనం, ఎంత పేరున్నదో అందరికీ తెలుసు. మరమ్మతు ఆలస్యమై, 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. తరవాత కోట్లు పోసి అదే రూపంలో మళ్ళీ కట్టుకున్నారు.

చట్టం మాటకొస్తే, ఇంటివాళ్ళకు భయమే ఎక్కువ. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం కూడదన్న నిబంధన అందరూ విన్నదే. ‘వారసత్వం అని రాస్తే ఇంటికి మేకు కూడా కొట్టుకోనివ్వర’ని మా వైపు చెప్పుకుంటారు. అదే ఇంటిని నిలుపుకుంటే కలిసొచ్చేదేమిటో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్ళకిచ్చే టీడీఆర్ బాండ్ల సంగతి ఇప్పుడు ప్రతి వీధికీ తెలుసు. బిల్డింగ్ రూల్స్‌లో వారసత్వ భవనాలకూ ఆ హక్కు రాశారు. తమ స్థలంలో కట్టుకోకుండా వదిలేసిన అంతస్తుల హక్కుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కాకపోతే ఇల్లు ముందు జాబితాకెక్కాలి. జాబితా తయారవ్వాలంటే ఏ వీధిలో ఏముందో, ఏ స్థితిలో ఉందో రాసినవాళ్ళుండాలి. నేను టేపు పట్టుకు తిరిగేది అందుకే. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ పిల్లలకు సర్వే ప్రాక్టికల్స్ ఎలాగూ ఉంటాయి. ఆ కొలతలేవో ఈ వీధుల్లోనే తీయించమని ప్రిన్సిపాళ్ళని వేడుకుంటున్నాను.

రాసి పెట్టుకోకపోతే ఏం పోతుందో ధవళేశ్వరానికి బాగా తెలియాలి. 1874లో కందుకూరి వీరేశలింగం ఈ ఊళ్ళోనే ఆడపిల్లలకు బడి పెట్టారు. ఇక్కడ పంతులుగా ఉన్న రోజుల్లోనే వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. రాజమండ్రిలో ఆయన ఇంటిని స్మారకంగా ఉంచుకున్నాం, సంతోషం. ఆ ఆడపిల్లలు పలకలు పట్టుకుని నడిచిన వీధి ఏదో, కూర్చున్న పంచ ఏదో చూపించమని నేను మా పెద్దవాళ్ళని అడిగితే తలోవైపు చెయ్యి చూపించారు. తెలుగునాట ఆడపిల్లల చదువు కథలో తొలి పుటల్లో ఉండాల్సిన చోటది. ఎవరూ పనిగట్టుకుని పడగొట్టి ఉండరు. ఏదో ఒక వానాకాలం పడిపోయి ఉంటుంది, స్థలం చేతులు మారి ఉంటుంది. కాటన్ మ్యూజియం చూడడానికి బస్సుల్లో వచ్చే స్కూలు పిల్లల్లో సగం మంది ఆడపిల్లలే. వాళ్ళకు చూపించడానికి ఒక్క గుమ్మం కూడా మన దగ్గర లేదు.

అరుగు రోడ్డు కిందికి పోయిన ఆ ఇంటి సంగతి ఇంకా తేలలేదు. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దాయన అమ్మేద్దామంటారు, చిన్నాయన కుదరదంటారు, మధ్యాయన ఎటూ చెప్పరు. నక్షా గీశాక ఒక సంగతి బయటపడింది. ఇంటి వెనక దొడ్డి, ఇల్లున్నంత స్థలం ఉంది. పశువులశాల పడిపోయాక అటు ఎవరూ వెళ్ళడం లేదు. సావిడీ మండువా కదపకుండా, దొడ్డిలో మూడు వాటాలు కట్టుకోవచ్చు. పక్క సందులోంచి కారు పోయే దారి కూడా వస్తుంది. ఆ కాగితం ముగ్గురికీ వాట్సాప్‌లో పంపాను. పెద్దాయన ఫోన్ చేసి, “ముందు భాగం మరమ్మతుకి ఎంతవుద్దో మేస్త్రీ గారిచేత అంచనా వేయించండి. దసరాకి అందరం వస్తాం, అప్పుడు కూర్చుందాం,” అన్నారు.

దసరా అంటే వానలన్నీ అయిపోయాక. అందుకని ఈ వారమే ఉత్తరం వైపు కప్పు విప్పిస్తున్నాం. రెండు వాసాలు మార్చాలి, దోనె రేకు కొత్తది వేయాలి. కూలి తను ఇస్తానని వాళ్ళమ్మగారు చెప్పారు. పాత నాటుపెంకు ఒక ఐదొందలు తక్కువ పడింది. ఎవరైనా పెంకుటిల్లు విప్పిస్తుంటే, పెంకు పారబొయ్యకుండా కబురు చేయండి, వచ్చి తీసుకెళ్తాం.