డెవాన్ వీధికి తెలుగు కథలో చోటేదీ?

అమెరికా అనగానే తెలుగు సాహిత్యం కళ్ళముందు ఒక మనిషి కదులుతాడు. ఇంజనీరింగ్ చదివినవాడు, గట్టి ఇంటిపేరు ఉన్నవాడు, వీసా కోసం మొక్కు మొక్కినవాడు. దుబాయ్ అనగానే ఇంకో మనిషి. ఏజెంటు చేతిలో మోసపోయినవాడు, కరీంనగర్ పల్లె బహుజనుడో, పాతబస్తీ సాయిబో. అమెరికా వాళ్ళకు, దుబాయ్ మాకు. ఈ పంపకం ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? దీన్ని నిజమని అందరం ఎందుకు నమ్ముతున్నాం?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. తెలుగు మధ్యతరగతి అమెరికా కలలు కన్న వాడల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి. అమెరికా నుంచి వచ్చిన రచయితల పుస్తకాలు త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ జరుపుకుంటాయి. ఈ వాడలకు ఒకవైపు ముషీరాబాద్, మరోవైపు కింగ్‌కోఠీ. నడిచిపోయేంత దూరం. 2008 అక్టోబర్‌లో బేగంపేటలో, అదీ పైగా నవాబుల ప్యాలెస్‌లో, అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా వీసా కావాలంటే మద్రాసు పోవాల్సిందే. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో అశోక్‌నగర్ కుర్రాడి పక్క బెర్తు మీద ముషీరాబాద్ కుర్రాడూ ఫైలు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. రైలు ఎక్కాడుగానీ కథలోకి ఎక్కలేదు.

సినిమాలతో మొదలుపెడదాం. నగేశ్ కుకునూర్ నారాయణగూడ థియేటర్లలో సినిమాలు చూస్తూ పెరిగారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, జార్జియా టెక్‌లో పైచదువు, అట్లాంటాలో ఉద్యోగం. అక్కడ సంపాదించిన డబ్బుతో 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. పన్నెండేళ్ళ తర్వాత సెలవులకొచ్చిన వరుణ్‌కు సొంత ఊరే పరాయిదిగా తోచడం, పెళ్ళిచూపుల తంతు, డాక్టర్ అశ్వినితో ప్రేమ. చిన్న సినిమా, నిజాయితీ ఉన్న సినిమా. ఇంగ్లిష్, హిందీ, తెలుగు కలగలిసిన నగరం మాటను తెరకెక్కించింది. దాని విలువ మేం కాదనం. 2000లో శేఖర్ కమ్ముల తీసిన ‘డాలర్ డ్రీమ్స్’ అమెరికా పోవాలా, ఉండాలా అని తేల్చుకోలేని కుర్రకారు గొడవ. అదీ ఆ రోజుల నిజమే.

ఆ తర్వాత ‘ది అంగ్రేజ్’ వచ్చింది. అమెరికా నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఇద్దరు ఒకవైపు, చార్మినార్ దగ్గర కబుర్లు కొట్టే ఇస్మాయిల్ భాయ్ జమాత్ మరోవైపు. మేమూ కడుపుబ్బ నవ్వాం. మా దక్కనీ యాస తెర మీద రాజ్యమేలితే సంతోషపడ్డాం. నవ్వు ఆగాక ఒక సంగతి తట్టింది. ఆ సినిమాలో విమానం దిగేవాడూ గల్లీలో కూచున్నవాడూ వేరువేరు జాతుల మనుషులు. ఇస్మాయిల్ భాయ్‌కి షికాగోలో ఒక్క ఖాలాజాద్ భాయ్ కూడా లేడు! నిజమైన పాతబస్తీలో ఒక్కరైనా దేశం దాటని ఖాందాన్ ఎక్కడుంది? ఒకరికి ప్రపంచం, ఒకరికి గల్లీ అనే ఏర్పాటు హాస్యం చాటున మరింత బలపడింది.

పుస్తకాల్లోకి వద్దాం. 1977లో న్యూయార్క్‌లో తానా మొదటి మహాసభ జరిగిన కాలం నుంచి అమెరికా తెలుగువాళ్ళు రాస్తూనే ఉన్నారు. హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ ‘అమెరికా తెలుగు కథానిక’ సంపుటాలు తెచ్చింది. 1998లో ‘ఈమాట’ మొదలైంది. మంచు, ఒంటరితనం, తెలుగు మర్చిపోయే పిల్లలు, ఆరునెలలకొచ్చి కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూచునే అమ్మానాన్నలు. ఈ బాధలు అబద్ధం కాదు. మాలో అమెరికా పోయినవాళ్ళవీ ఇవే బాధలు. అయితే మేం చదివినంతలో ఆ కథల్లో ‘మనవాళ్ళు’ అన్న మాట గుడి దగ్గరో, ఉగాది సభ దగ్గరో ఆగిపోతుంది. తెలుగు మాట్లాడే ముస్లిం పక్క అపార్టుమెంటులో ఉన్నా అతను ‘ఇండియన్’ అవుతాడేగానీ ‘మనవాడు’ కాడు.

అసలు చరిత్ర ఏమిటి? 1948 పోలీస్ చర్య తర్వాత హైదరాబాద్ ముస్లింలలో కొన్ని కుటుంబాలు కరాచీ వెళ్ళాయి. 1965లో అమెరికా వలస చట్టం మారి చదువుకున్న ఆసియా వాళ్ళకు తలుపు తెరిచింది. డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. వాళ్ళ వెనక తమ్ముళ్ళు, బావమరుదులు వెళ్ళారు. వాళ్ళలో టాక్సీ నడిపినవాళ్ళున్నారు, కిరాణా కౌంటర్లో నిలబడ్డవాళ్ళున్నారు. షికాగో ఉత్తరాన డెవాన్ వీధి వీళ్ళ అడ్డా అయింది. ఆ వీధికి కొంతమేర గాంధీ మార్గ్ అనీ, ఇంకొంతమేర మహమ్మద్ అలీ జిన్నా వే అనీ గౌరవ నామాలున్నాయి. ఒకే వీధిని రెండు దేశాలుగా పంచిన ఆ బోర్డుల మధ్య హైదరాబాదీ ఎక్కడ నిలబడాలి? ఇంత పెద్ద కథావస్తువు తెలుగు రచయిత కంటికి ఆనలేదు.

పేరు సంగతే తీసుకోండి. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది, అమెరికా దాన్ని వెనక్కి నెడుతుంది. మాలో చాలామందికి ఇంటిపేరే ఉండదు. పాస్‌పోర్టులో మహమ్మద్ అన్న మాట ఏ గడిలో పడితే అదే ఇంటిపేరు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఆ మాట బరువెంతో మోసినవాళ్ళకే తెలుసు. 2002లో మొదలుపెట్టి అమెరికా 25 దేశాల జాబితా ఒకటి తయారుచేసింది. ఆ దేశాల నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చిన, 16 ఏళ్ళు నిండిన మగవాళ్ళు వేలిముద్రలిచ్చి నమోదు కావాలంది. ఉత్తర కొరియా తప్ప దాదాపు అన్నీ ముస్లిం దేశాలే. జాబితాలో పాకిస్తాన్ ఉంది, భారత్ లేదు. అంటే కరాచీ వెళ్ళిన తమ్ముడి కొడుకు లైన్లో నిలబడాలి, హైదరాబాద్‌లో ఉండిపోయిన అన్న కొడుక్కి అక్కర్లేదు. తాత ఒకడే. దస్తర్‌ఖాన్ ఒకటే.

ఉర్దూ వైపు వాళ్ళనూ వదలదలచుకోలేదు. పరదేశంలో ఉర్దూ ముషాయిరాల హైదరాబాద్ అంటే తహజీబ్, బిర్యానీ, నిజాం జమానా. ఆ హైదరాబాద్‌లో చిక్కడపల్లి ఉండదు, తెలుగు మాట వినపడదు. కారెన్ లెనార్డ్ ఏడు దేశాల్లో హైదరాబాదీలను కలిసి 2007లో వెలువరించిన ‘లొకేటింగ్ హోమ్’లో ‘హైదరాబాదీ’ అన్న మాటకు తరం మారితే, గుంపు మారితే అర్థం ఎలా మారిపోతుందో చూపించారు. ఇంటి గుట్టు బయటివాళ్ళు వచ్చి చెప్పాల్సి వచ్చింది. 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ తెచ్చిన మా తరం పేదరికాన్నీ, అభద్రతనూ ముందు చెప్పింది. అది చెప్పి తీరాల్సిందే. కానీ వలసపోయిన ముస్లిం అంటే దుబాయ్ దాకానే అన్న గీతను అదీ పూర్తిగా దాటలేదు. అఫ్సర్ ఉన్నారు. ఖమ్మం జిల్లా నుంచి అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్ళి, 2013లో గూగూడు పీర్ల పండుగ మీద ఇంగ్లిష్‌లో పుస్తకం వేశారు. ఒక్కరి భుజాల మీద ఎంత బరువని వేస్తాం?

ఇది సాహిత్యంలో వాటా కోసం పేచీ మాత్రమే అనుకుంటే పొరపాటు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. స్నేహితుడు మాదసాని అలోక్ గాయపడ్డారు. అడ్డుపోయిన అమెరికన్ యువకుడూ గాయపడ్డాడు. నా దేశం నుంచి పొమ్మని అరిచిన ఆ హంతకుడు, తను కాల్చింది ఇద్దరు ఇరానీలను అని తర్వాత చెప్పుకున్నాడు. ఇరానీ! మన నగరంలో ఆ మాటకు అర్థం చాయ్. హిందువూ ముస్లిమూ ఒకే బల్ల దగ్గర కూచుని సాసర్లో పోసుకుని తాగే చాయ్. అక్కడ అదే మాట ఒక తెలుగువాడి ప్రాణం తీసింది. బయట తెలుగులో మాట్లాడొద్దన్న సలహాలు ఆ రోజుల్లో తిరిగాయి. ఆ సలహా మాకు కొత్త కాదు. రైల్లో సలాం చెప్పొద్దని, టిఫిన్ డబ్బా తెరవొద్దని ఇక్కడే మా అమ్మలు మాకు చెప్పి పంపుతున్నారు.

తుపాకీ పట్టినవాడికి ఇంటిపేరు కనపడలేదు. ఒంటి రంగు, గడ్డం కనపడ్డాయి. వాడు చేసిన పొరపాటులో మనమిద్దరం ఒకటే అయ్యాం. తెలుగు కథ మాత్రం ఇంకా మనల్ని వేరువేరు విమానాల్లోనే ఎక్కిస్తోంది. డెవాన్ వీధి టాక్సీ డ్రైవర్ కథ తెలుగులో రావాలి. అది మేం రాస్తాం. అట్లాంటాలోనో, హ్యూస్టన్‌లోనో కూచుని రాసే మిత్రులు తమ కథలోకి పక్క అపార్టుమెంటు మనిషిని పేరు పెట్టి పిలవాలి. ఆ పని వాళ్ళు చేయాలి.