వలెను – వచ్చును

శాసనమునకు ప్రాణము క్రియాపదము. ఆశయమెంత గొప్పదైనను, పీఠిక యెంత దీర్ఘమైనను, వాక్యాంతమునందలి క్రియ “చేయవలెను” అని పలికినప్పుడే యది శాసనమగును. “చేయవచ్చును” అని పలికినచో అది యభిలాష మాత్రమే. మన మీమాంసకులు ఈ భేదమును విధి యనియు, అర్థవాదమనియు ఏనాడో నిరూపించిరి. విధి మనుష్యుని పనికి నియోగించును. అర్థవాదము ఆ పనిని పొగడి యూరకుండును. శిశువిద్య మొదలు కళాశాలావిద్య వఱకు మన ప్రభుత్వములు వెలువరించిన చట్టములను, విధానపత్రములను ఈ దృష్టితో పరీక్షింప దలచితిమి. ఏ వయస్సు బిడ్డకు విధి లభించెనో, ఏ వయస్సు బిడ్డకు స్తోత్రమే మిగిలెనో చూపుట మా యుద్దేశము.

పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు నిర్బంధ ప్రాథమిక విద్యకై సామ్రాజ్య శాసనసభలో బిల్లును ప్రవేశపెట్టిరి. 1912 మార్చిలో దానికి అనుకూలముగా 13 మందియు, ప్రతికూలముగా 38 మందియు ఓటు వేయగా అది వీగిపోయెను. స్వతంత్ర భారత రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చినప్పుడు, పదునాలుగేండ్లు నిండువఱకు బాలబాలికలందఱకును ఉచిత నిర్బంధ విద్యను పది సంవత్సరములలోపల కల్పించుటకు రాజ్యము యత్నింపవలెనని 45వ అధికరణము పలికెను. కల్పింపవలెనని గాదు, యత్నింపవలెనని! పైగా ఆదేశిక సూత్రములలోనిది యగుటచే న్యాయస్థానమున దానిని నిలదీయుటకు వీలు లేదు. 1960 వచ్చినది, పోయినది. యత్నము మాత్రము తెగలేదు.

1993లో ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పదునాలుగేండ్లు నిండువఱకు ఉచిత విద్య పొందుట పౌరుని ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పెను. వృత్తివిద్యా కళాశాలల రుసుముల వివాదము నుండి పలకాబలపము పట్టు బిడ్డకు హక్కు పుట్టుట విశేషము. ఆ తీర్పులో కడపటి వయస్సే గాని మొదటి వయస్సు లేదు; మూడేండ్ల బిడ్డయు దానిలో నిమిడియుండెను. కాని 2002లో జరిగిన 86వ సవరణ ఆ బాల్యమును రెండు ముక్కలు చేసెను. ఆఱేండ్ల నుండి పదునాలుగేండ్ల వఱకు గలవారికి 21-ఏ అధికరణమున ప్రాథమిక హక్కు దక్కెను. ఆఱేండ్ల లోపువారిని మార్చిన 45వ అధికరణమునకు, అనగా మరల ఆ “యత్నము”నకే, అప్పగించిరి.

2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ చీలికను స్థిరపఱచినది. దాని ఆంగ్లమూలమును చూడుడు. ప్రతి బిడ్డకును ప్రాథమిక విద్యను ప్రభుత్వము కల్పింపవలెనని 8వ సెక్షను శాసించుచున్నది. మూడేండ్లు దాటిన శిశువులకు ఉచిత పూర్వప్రాథమిక విద్యకై తగిన యేర్పాటును ప్రభుత్వము చేయవచ్చునని 11వ సెక్షను సెలవిచ్చుచున్నది. రెండు సెక్షనులకు నడుమ గల దూరము ఒక్క క్రియ. “వచ్చును” అను మాటను న్యాయస్థానములు కొన్నివేళల “వలెను”గా గ్రహించుట కలదు. అయినను బిడ్డ బడికి పోవుటకు వకీలు వ్యాఖ్యానము కావలసివచ్చుట శాసనమునకు శోభ గాదు.

ఈ యొక్క క్రియవలని నష్టమెట్టిదో ఒకటవ తరగతి నుపాధ్యాయు నడుగవలెను. జూన్ మాసమున ఆతని యెదుట ఇద్దఱు పిల్లలు కూర్చుందురు. ఒకతె మూడేండ్లు రుసుము చెల్లించి నర్సరీయు, తరువాతి రెండు తరగతులును చదివి వచ్చినది. అక్షరములు, అంకెలు, పాటలు, కథలు ఆమెకు పరిచితములు. రెండవది తల్లి కూలికి పోగా అక్క చంకలో పెరిగినది. పుస్తకమును ఏ వైపున తెఱవవలెనో యెఱుగదు. చట్టము దృష్టిలో ఇద్దఱకును విద్య ఆనాడే ఆరంభము. వాస్తవమున వారిమధ్య అప్పటికే మూడేండ్ల యంతరము పెరిగియున్నది. మెదడు వికాసములో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి ఆఱేండ్ల లోపలనే జరుగునని 2020 జాతీయ విద్యావిధానమే వ్రాసికొన్నది. అంత యెఱిగియు, ఆ వయస్సునకే హక్కు లేకుండ విడుచుట యే న్యాయము?

ఆ వయస్సును మోయుచున్నది అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన ఈ వ్యవస్థ నేడు పల్లెపల్లెకును వ్యాపించినది. అచ్చటి కార్యకర్త బిడ్డలను తూచవలెను, అన్నము పెట్టించవలెను, గర్భిణుల లెక్క వ్రాయవలెను, టీకాల దినము గుర్తుచేయవలెను, ఇవన్నియు ఫోనులో నెక్కింపవలెను. ఇంత చేసిన పిదప సమయము మిగిలినచో పాఠము చెప్పవలెను. ఊరివా రామెను టీచరనియే పిలుతురు. ప్రభుత్వము మాత్రము గౌరవవేతనము పుచ్చుకొను సేవికగా నెంచును. గ్రాట్యుటీకి వారు అర్హులని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చెను. 2023 డిసెంబరు నుండి 2024 జనవరి వఱకు ఆంధ్రప్రదేశమున వారు సమ్మె చేయగా, నాటి ప్రభుత్వము అత్యవసర సేవల చట్టమును వారిపై ప్రయోగించెను. సమ్మె చేసిన దినమున అత్యవసరమైన సేవ జీతము లెక్కించు దినమున గౌరవ సేవ యెట్లగునో మా బుద్ధికి తోచకున్నది. 2020 విధానము వీరికి ఆఱు నెలల శిక్షణయో, చదువు తక్కువైనచో ఒక యేటి శిక్షణయో ఇప్పింతునన్నది. మంచిదే. పనికి తగిన హోదాను గూర్చి మాత్రము అంత స్పష్టముగా మాటాడలేదు.

నడిమి వయస్సువారికి విధి గలదంటిమి. అందును సందులు లేకపోలేదు. అఱువదిమంది వఱకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దఱుపాధ్యాయులు చాలునని చట్టము లెక్క. తరగతులైదు, నోళ్లు రెండు. మాతృభాషలో బోధన జరుగవలెననుచునే “సాధ్యమైనంతవఱకు” అను మాటను ముందు నిలిపినది. ఈ మాట చాటున నెంత నిర్లక్ష్యమైనను దాగగలదు.

పదునాలుగేండ్లు దాటినవారి గతి శిశువుల గతియే. 2019లో ప్రకటించిన ముసాయిదా, విద్యాహక్కు చట్టమును పూర్వప్రాథమికము నుండి పండ్రెండవ తరగతి వఱకు విస్తరింపవలెనని సూచించినది. మఱుసటి యేట వెలువడిన తుదివిధానములో మూడేండ్ల నుండి పండ్రెండవ తరగతి వఱకు సార్వత్రిక విద్య యను నాశయము నిలిచినది. చట్టసవరణ వాగ్దానము జాఱిపోయినది. కళాశాలలో చేరువారి నిష్పత్తిని 2035 నాటికి నూటికి ఏబదికి పెంచుదుమన్నారు. ఎనిమిదవ తరగతితో హక్కు ముగిసిన పేదబాలిక ఇంటరు చదువునకే రుసుము వెదకికొనవలసియుండగా, పట్టభద్రురాలగుట కామె యే దారిన పోవలెను? ధనము మాట సరేసరి. జాతీయాదాయమున నూటికి ఆఱుపాళ్లు విద్యకు వెచ్చింపవలెనని 1968 విధానము చెప్పినది. 1986 విధానము చెప్పినది. 2020 విధానము “వీలైనంత త్వరలో” అని మరల చెప్పినది. ఆ కడపటి పత్రమే అప్పటి వ్యయమును 4.43 పాళ్లుగా చూపినది.

చట్టములో క్రియ మార్చినంత మాత్రమున బిడ్డలకు చదువు వచ్చునా యని కొంద ఱడుగవచ్చును. రాదు. కాని క్రియ మారనిదే ప్రభుత్వము కదలదు. మధ్యాహ్న భోజనమును చూడుడు. 1995లో కేంద్రము పథకము పెట్టినను పెక్కు రాష్ట్రములలో వండిన యన్నమునకు మాఱుగా నెలకింతయని ధాన్యమే పంచిరి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన యన్నమే పెట్టవలెనని యాజ్ఞాపించెను. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్ బడులలో పొయ్యి వెలిగినది. వంట యెట్లుండవలెనను వాదము నేటికిని కలదు. అయితే అన్నము పెట్టవలెనా వలదా యను వాదము ఆనాటితో తీరినది. విధికి గల బల మిదియే.

కావున మా కోరిక స్వల్పము. 11వ సెక్షనులోని “వచ్చును” అను మాట “వలెను”గా మారవలెను. హక్కు మూడేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వఱకు వ్యాపింపవలెను. అంగన్‌వాడిలో బోధించు స్త్రీ ఉపాధ్యాయినిగా నెంచబడవలెను.

విద్యావంతులైన గృహస్థులతో ఒక మాట. తమ బిడ్డలకు మూడవ యేటనే రుసుము కట్టి బడికి పంపు మనకు 11వ సెక్షను అడ్డు రాలేదు. అందుచేతనే మనలో ననేకులు దానిని చదువలేదు. పేదల బడిని గూర్చి ప్రశ్నించు నోరు గలవారు ఆ బడిని విడిచిపోయిరి. ఆ బడిలో మిగిలినవారికి ప్రశ్నించు తీరిక లేదు. ఓటు నడుగ వచ్చిన యే పక్షమువారినైనను, మీ ప్రణాళికలో శిశువిద్యకు క్రియ “వలెను”యా, “వచ్చును”యా యని మనము నిలదీయవలెను. ఈ ప్రశ్నకు వ్యాకరణజ్ఞానము కొంచెము చాలును. పొరుగింటి బిడ్డయు మన బిడ్డయే యను బుద్ధి మాత్రము నిండుగా నుండవలెను.