పింఛం అంచు

ఫోటోషాప్ కొత్తగా పట్టినవాళ్లకు పరీక్ష పెట్టాలంటే గుస్సాడీ ఫోటో ఒకటి చేతికిచ్చి, ఫ్లెక్సీ కోసం వెనకున్న ఆకాశం తీసేయమనాలి. దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి ఆడే గుస్సాడీల తలమీద నెమలి పింఛాల టోపీ ఉంటుంది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక ఆ టోపీ ఎక్కని పోస్టర్ లేదు. ఒక్కో ఈకకు రెండు పక్కలా సన్నని పోగులు, పోగుల సందుల్లో ఆకాశం. చుట్టూ గీత గీసి కత్తిరిస్తే పింఛం కాస్తా అట్టముక్క అయిపోతుంది.

కరీంనగర్‌లో ఒక స్టూడియోలో ఈ పని దగ్గరుండి చూశాను. చేసేది అరవై దాటిన రీటచర్. ఆయన అంచు జోలికే పోలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లను విడివిడిగా తెరిచి, ఈకకూ ఆకాశానికీ ఎందులో తేడా ఎక్కువుందో చూశారు. ఈసారి అది నీలం. దానికి కాపీ తీసి, తెలుపును మరింత తెల్లగా, నలుపును మరింత నల్లగా తోసుకుంటూ పోయారు. ఆ కాపీయే మాస్క్. ఆకాశం పోయింది, పోగులు నిలిచాయి. అంచుల్లో మిగిలిన తెల్లచారను కొత్త బ్యాక్‌గ్రౌండ్ రంగులో కలిపేశారు.

ఆ చెయ్యి ఫిల్మ్ కాలంలో తయారైంది. ముఖంమీది ముడత నెగటివ్‌లో పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో సన్నగా రుద్దితే ప్రింటులో ముడత తేలికపడుతుంది. నల్లగా కావలసినచోట కత్తిమొనతో నెగటివ్‌ను గీకాలి. రెండూ నెగటివ్ మీదే. చెయ్యి జారితే వెనక్కి రాదు. 1990లో వచ్చిన ఫోటోషాప్‌లో డాడ్జ్, బర్న్ టూల్స్ బొమ్మలు చూడండి: ఒకటి పుల్లకు గుచ్చిన గుండ్రటి రేకు, ఇంకొకటి గుప్పిట ముడిచిన చెయ్యి. డార్క్‌రూంలో కాగితం మీద పడే వెలుతురును అడ్డుకున్నది ఆ రేకు, కావలసినచోటే వదిలింది ఆ చెయ్యి. లేయర్లు 1994లో వచ్చాయి. అసలు ఫోటోను ముట్టుకోకుండా పనిచేసే సౌకర్యం ఉన్నా ఆయన బ్రష్ బలం ఐదు శాతం దాటనివ్వరు. పలచగా, మళ్లీ మళ్లీ.

పక్కన నేర్చుకుంటున్న కుర్రాడు పెళ్లికూతురు నలుగు ఫోటో తెరిచి ఆటో కలర్ నొక్కాడు. పసుపంతా వెలిసిపోయి ముఖం నీలం తిరిగింది. సాఫ్ట్‌వేర్‌కు పసుపు పూశారని ఏం తెలుసు, ఆ పసుపుఛాయ కెమెరా తప్పనుకుని దిద్దేసింది. "తమ్మీ, పసుపు పోతే నలుగెక్కడిది? వెనక తెల్లగోడ ఉంది గద, దాని మీద పెట్టి సరిచెయ్యి," అన్నారాయన.

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ ఫోటోలు మరో తంటా. భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ పనిలో తీగకూ తీగకూ మధ్య ఖాళీయే అందం. షార్పెనింగ్ పెంచితే ప్రతి తీగ పక్కనా తెల్లటి గీత మొలిచి ఆ ఖాళీలు మూసుకుపోతాయి. ఆన్‌లైన్ అమ్మకాల ఫోటోల్లో నేనెక్కువగా చూసే పాపం ఇదే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆయన పాత ఫోటోల్లో ధూళి తుడిచే తీరు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల ఫోటోలు తీశాడు. ఆ కాలపు ఫోటోల్లో చర్మం నున్నచేసే ఫిల్టర్ ఒక్కసారి నడిపితే దుమ్ముతోపాటు ఆడవాళ్ల పచ్చబొట్లూ పోతాయి. అందుకే ఆయన ప్రతి చుక్కనూ పెద్దదిగా చేసి చూస్తారు. నెగటివ్ మీది దుమ్ము ప్రింటులో తెల్లగా పడుతుంది. పచ్చబొట్టు నల్లగా ఉంటుంది. నెగటివ్ పూత లేచిపోతే నల్లగీతే వస్తుంది కాబట్టి రంగొక్కటే చాలదు. గీత చెంప వంపుతో పాటు వంగిందా, లేక చెంపనూ చీరనూ గోడనూ ఒకే వరసలో దాటిపోయిందా? వంగినదాన్ని ముట్టుకోరు. దాటిపోయినదాన్ని హీలింగ్ బ్రష్‌తో ముక్కముక్కగా మాన్పుతారు.

గుస్సాడీ ఫోటోకు చివర్లో రెండు ఫైళ్లు చేశారు. చౌరస్తాలో దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి షార్పెనింగ్ గట్టిగా, చేతిలో పట్టుకునే ఆల్బంకు సగమే. సైజు కుదిర్చాకే ఆ పని. ముందు చేస్తే వృథా. స్క్రీన్ మీద మెరిసే పింఛం నీలం ఇంకులో అంతగా పలకదని, ఆల్బం పేజీకి ముందు చిన్న ముక్క ప్రింటు తీయించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. నీలం మెరుపును ఇంకు పట్టగలిగినంతకు తగ్గించి మళ్లీ ప్రింటుకు పంపారు.