చదరంగాన్ని మోసిన చంపకమాల

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు. ఇలా రెట్టించుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఈ మొత్తానికి అరవై నాలుగు సంఖ్యలు రాసి కూడనక్కర్లేదు. ఏ గడిలో చూసినా, దాని వెనకున్న గళ్లన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒక గింజ ఎక్కువ. కాబట్టి లేని అరవై అయిదో గడిని ఊహించుకుని, అందులోంచి ఒకటి తీసేస్తే చాలు. 2తో మొదలుపెట్టి వర్గం మీద వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65,536, 4,29,49,67,296 వస్తాయి. ఆరో వర్గమే ఆ గడి.

ఈ ఇరవై అంకెలనూ మనవాళ్లు ఒక్క చంపకమాలలో దాచారు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ఆ పద్యం ప్రచారంలో ఉంది. పద్ధతి భూతసంఖ్యలది, అంటే వస్తువు పేరే అంకె. చంద్రుడు 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, ఆకాశం సున్న. ఒకట్ల స్థానంలో మొదలై అంకెలు ఎడమకు నడుస్తాయి.

అంకెల వరుస ముందే ఖాయం. కవి చేతిలో ఉన్నవి పర్యాయపదాలే. వాటితోనే యతిప్రాసలు గెలవాలి. మొదటి అంకె 5కి శరం అన్నాడు. పదకొండో అక్షరం దగ్గర మళ్లీ 5 రావాలి, అక్కడ యతికి శకారానికి సరిపడే అక్షరం, అదీ గురువు కావాలి. శరాన్ని వదిలి సాయకం అందుకున్నాడు. ప్రాస రేఫ. ఏడుకి గిరి, నగం అని కూడా వాడినవాడే, మొదటి పాదం చివర మాత్రం భూధరం అన్నాడు. ఆ మాటను మధ్యకు విరిస్తే రెండో పాదం ‘ధర’తో మొదలై ప్రాస కుదురుతుంది. ఎనిమిదికి కుంజరమూ అంతే, విరిగి మూడో పాదానికి ప్రాస ఇచ్చింది. ఈ కూర్పు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తాటాకు మీద అంకెలే రాసుకుంటే, ఎత్తి రాసేటప్పుడు ఒకటి జారినా చూడగానే పట్టుకోవడం కష్టం. పద్యంలో ఒక మాట జారితే గణం కుంటుతుంది, చెవి వెంటనే పట్టేస్తుంది.

సంఖ్య తనలోనూ సాక్ష్యాలు దాచుకుంది. 2 యొక్క ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతాయి. అరవై నాలుగో ఘాతం 6తో ముగుస్తుంది, ఒకటి తీస్తే 5. అంకెలన్నీ కూడితే 87, కనుక 3తోనూ పోతుంది. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. వీటిలో 641 కథ వేరు. 2 యొక్క ముప్పై రెండో ఘాతానికి ఒకటి కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 641తో అది భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు.

పద్యం నోటికి వచ్చినవారు ఈసారి చివరి అంకె నుంచి వెనక్కి నడిచి చూడండి. ముందు చంద్రుడు, ఆపైన ఏనుగు, తర్వాత బ్రహ్మ ముఖాలు: 1, 8, 4...