డోర్ ప్యాడ్ వెనకే ఉంది పాటంతా

షాపులో పేర్చిన స్పీకర్ డబ్బాల మీద 300 వాట్లు, 600 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. స్టీరియో మీద ‘4 × 50’ అని ఉంటుంది. తక్కువ డబ్బుతో కారులో మంచి పాట వినాలనుకునేవాళ్లు ఆ అంకెలను నమ్మేముందు స్టీరియోను ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. చాలా సెట్ల వెనక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు వైరింగులో ఉండేది సుమారు 14 వోల్టులు. రెండూ గుణిస్తే 140 వాట్లు. లోపలికి వెళ్లేదే 140 అయితే బయటికి 200 ఎలా వస్తాయి? అందులోనూ కొంత వేడిగా పోతుంది. పాట చిరగకుండా ఒక్కో స్పీకర్‌కు అందేది 15 నుంచి 20 వాట్లు. డబ్బా మీద ఎక్కడో చిన్నగా ‘ఆర్ఎంఎస్’ అని రాసి ఉంటుంది. నమ్మాల్సింది దాని పక్కనున్న అంకెను.

అలాగని 15 వాట్లు తక్కువేం కాదు. వాట్లు రెట్టింపు చేసినా శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కాస్త పెంచినట్టు అనిపిస్తుందంతే. స్పీకర్ వివరాల్లో సెన్సిటివిటీ అని 88, 91 లాంటి అంకె ఒకటి ఇస్తారు. ఒకే పద్ధతిలో కొలిచినవైతే, 91 ఉన్న స్పీకర్ సగం వాట్లతోనే 88 ఉన్నదానంత గట్టిగా పాడుతుంది. విడిగా యాంప్ (యాంప్లిఫయర్) కొనే స్తోమత లేనివాళ్లు ముందు చూసుకోవాల్సిన లెక్క ఇదే.

కారులో పాట అనే ముచ్చటకు తొంభై ఏళ్లు దాటాయి. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లో కారు రేడియో తెచ్చి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. తర్వాత కంపెనీయే ఆ పేరు పెట్టుకుంది. మన దగ్గర అంబాసిడర్లలో, టాక్సీల్లో క్యాసెట్ డెక్కుల కాలంలో వెనక సీటు పైన చెక్క పలక వేసి దాని మీద కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు బిగించడం గొప్పగా ఉండేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. ‘సిక్స్ బై నైన్’ అనే ఆ స్పీకర్ల జత ఒకటి వెనక పడేస్తే పనైపోయిందనుకుంటారు. పాడేవాళ్లు మన ఎదురుగా ఉండి పాడతారు, వీపు వెనక నిలబడి కాదు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు వెనక స్పీకర్లకు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దన్నది నా అభిప్రాయం. ఉన్నవాటినే తగ్గించి ఉంచుకుని, డబ్బంతా ముందున్న రెండు డోర్లకు పెట్టాలి.

ఆ డోర్లే ఈ పనికి గుండెకాయ. స్పీకర్ కోన్ ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఆ రెండు అలలూ ఎదురుపడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పోయేది ముఖ్యంగా బాసు. డోర్ ప్యాడ్ విప్పి చూస్తే లోపలి రేకుకు చెయ్యి పట్టేంత కంతలుంటాయి. కంపెనీవాళ్లు వాటి మీద పలచని ప్లాస్టిక్ కాగితం అంటించి వదిలేస్తారు. పగిలిన ఘటం మీద ఎంత విద్వాంసుడు వాయించినా నాదం పలకదు. కంతలున్న డోర్‌లో ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా అంతే. ‘కొత్త స్పీకర్లు వేయించాను, పాతవే నయం’ అనే మాట వినిపించిందంటే తప్పు చాలాసార్లు స్పీకర్‌ది కాదు.

ఈ పని ఓపికగల చేతులది. ముందు బయటి రేకు లోపలి వైపు దుమ్ము, నూనె లేకుండా తుడవాలి. డ్యాంపింగ్ షీటు ముక్కలు అంటించి, గాలి బుడగ లేకుండా రోలర్‌తో గట్టిగా నొక్కాలి. రేకంతా కప్పక్కర్లేదు. నాలుగో వంతు చాలు, వేలితో కొట్టి చూస్తే రేకు ‘టంగ్’ అనడం మాని ‘దబ్’ అంటుంది. తర్వాత లోపలి రేకు కంతలను గట్టి ప్లాస్టిక్ పలకతోనో అల్యూమినియం రేకుతోనో మూసి, దాని మీద షీటు వేయాలి. డోర్ అడుగున వాననీళ్లు కారిపోయే సన్నటి రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం ముట్టుకోకూడదు. అవి మూసుకుపోతే డోర్ తుప్పు పడుతుంది. షీటు బ్యూటైల్ రబ్బరుదే కావాలి. శ్లాబుకు వేసే తారు షీటు చవకని అంటిస్తే మే నెలలో రామగుండం ఎండకో బెజవాడ ఎండకో కరిగి జారుతుంది, కారంతా తారు వాసన కొడుతుంది.

స్పీకర్‌కూ రేకుకూ మధ్య రింగ్ వేసి, చుట్టూ ఫోమ్ టేపు పెట్టి బిగించాలి. ఎండీఎఫ్ రింగ్ తేమకు ఉబ్బుతుంది కాబట్టి ప్లాస్టిక్‌ది తీసుకోండి. బిగించే ముందు కిటికీ అద్దం పూర్తిగా దించి, అయస్కాంతానికి తగలడం లేదని చూడాలి. కంపెనీ వైరు కోయనివ్వొద్దు. కారు మోడల్‌కు సరిపోయే కప్లర్లు దొరుకుతాయి. వాటితో కలిపితే పాత స్పీకర్లు మళ్లీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కొత్త కారైతే వైరింగ్ వారంటీ గొడవ కూడా ఉండదు. ప్యాడ్ తీసేటప్పుడు క్లిప్పులు విరుగుతాయి, పది అదనంగా కొని ఉంచుకోవడం మంచిది. క్లిప్పు లేని ప్యాడ్ పాటతో పాటు గలగలలాడుతుంది.

యాంప్ పెడితే పాటకు బలం, తేట రెండూ వస్తాయి. అక్కడ పొదుపు చేయకూడనిది వైరు. రాగి అని అమ్మేవాటిలో చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అల్యూమినియం కరెంటు మోసేది రాగిలో సుమారు 60 శాతమే. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ దగ్గరే, అడుగున్నర లోపు ఫ్యూజు ఉండి తీరాలి. అది లేకుండా వైరు ఎక్కడైనా బాడీకి ఒరుసుకుంటే కారు తగలబడుతుంది. ఎర్త్ వైరు పొట్టిగా ఉంచి, రంగు గీకి మెరిసే రేకుకు బిగించాలి. ఆక్సిలరేటర్ నొక్కినకొద్దీ స్పీకర్లలో సన్నటి కూత పెరుగుతుంటే ముందు ఆ ఎర్త్‌నే అనుమానించాలి.

యాంప్ మీద గెయిన్ అనే మర వాల్యూమ్ పెంచడానికి కాదు. యాంప్ 4 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లు ఇచ్చేదైతే, 50ని 4తో గుణిస్తే 200, దాని వర్గమూలం సుమారు 14. స్పీకర్ వైర్లు తీసేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకు పెట్టి, వెయ్యి హెర్ట్జ్‌ల టోన్ నడుపుతూ, మల్టీమీటర్‌లో 14 ఏసీ వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపాలి. తర్వాత యాంప్‌లోని హైపాస్ ఫిల్టరును 80 హెర్ట్జ్‌ల దగ్గర పెడితే, డోర్ స్పీకర్లు మోయలేని బాసు బరువు తగ్గి గొంతులు తేటపడతాయి. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే బాసు మాయమవుతుంది. స్పీకర్ తీగలకు పెన్సిల్ సెల్ క్షణం తాకించి చూడండి, ప్లస్‌కు ప్లస్ కలిస్తే కోన్ బయటికి కదులుతుంది.

చివరి పరీక్షకు మన పాత పాటలను మించినవి లేవు. ఘంటసాల పాడిన 1950ల నాటి పాటలు మోనో రికార్డింగులు, రెండు వైపులా ఒకే శబ్దం. సరిగా కుదిరిన కారులో ఆ గొంతు డ్యాష్‌బోర్డు మధ్య నుంచి రావాలి. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి గొంతు కుడి డోర్‌లోకి లాగినట్టుంటుంది. స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ ఉంటే కుడి స్పీకర్‌ను కాస్త ఆలస్యం చేయాలి. శబ్దం ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి రెండు డోర్ల దూరంలో అర మీటరు తేడా ఉంటే ఒకటిన్నర మిల్లీసెకను చాలు. ఆ సదుపాయం లేకపోతే బ్యాలెన్స్ కాస్త ఎడమకు తిప్పండి. బాసుకు 1980ల నాటి ఇళయరాజా పాటలు పెట్టండి. బేస్ గిటార్ ఒక్కో స్వరమూ విడివిడిగా వినిపిస్తే డోర్ పని కుదిరినట్టే, అంతా కలిసి ఒకే ‘బుమ్’ అయితే ప్యాడ్ మళ్లీ విప్పాలి. పెన్‌డ్రైవ్‌లో 128 కేబీపీఎస్‌కు కుదించిన పాటలు పెట్టుకుని సెట్టును తిట్టకండి.

సబ్ ఊఫర్ తర్వాత చూసుకోవచ్చు. కొనేటప్పుడు మోత మోగించే బాస్ ట్యూబ్ జోలికి పోకుండా పది అంగుళాల ఊఫర్‌కు నాలుగు వైపులా మూసిన పెట్టె చేయించండి. లోపల 30 సెంటీమీటర్ల ఘనమంటే 27 లీటర్లు, చాలా ఊఫర్లకు అది సరిపోతుంది. కారు గది చిన్నది కావడంతో అట్టడుగు స్వరాలు వాటంతటవే పెరుగుతాయి.

20 వేలు చేతిలో ఉంటే నేనిలా పంచుతాను: ముందు స్పీకర్లకు 6 వేలు, నాలుగు ఛానెళ్ల యాంప్‌కు 7 వేలు, డోర్ల పనికి 3 వేలు, వైర్లకు 2 వేలు, మిగతాది ఫిట్టింగ్ కూలికి. 10 వేలే ఉంటే యాంప్ వాయిదా వేస్తాను గానీ డోర్ల పని మానను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ ఊరి స్టీరియో షాపుకు వెళ్లినా స్పీకర్ ధర అడగడానికి ముందు డోర్ కంతలు మూస్తారా, ఏ షీటు వేస్తారు అని అడగండి. ‘అవన్నీ అక్కర్లేదండీ’ అన్న షాపులో కొనకండి.